పాయింట్లు తగ్గిస్తే మనాలి కనబడుతుంది

మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ మొదలైతే చాలు, క్లాస్ గ్రూపులో చదువు ముచ్చట బందై టూర్ ముచ్చట మొదలవుతుంది. గోవా అంటే ఇంట్లో ఒప్పుకోరు. ఊటీ చాలామంది ఇంటర్‌లోనే చూసి వచ్చారు. కశ్మీర్ అంటే సార్లు భయపడతారు. తిరిగి తిరిగి మనాలి దగ్గరికే వస్తాం. మా బ్యాచ్ అట్లనే వెళ్లొచ్చింది, మా సీనియర్లూ అంతే. ఈసారి జూనియర్ల గ్రూపులో కూడా మనాలే గెలిచిందని విన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

నిజానికి హిమాలయాలకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే ముత్యంపేట దగ్గర ఒక ముక్క విరిగి పడిందనీ, అదే మన కొండగట్టు అనీ ఇక్కడ పెద్దలు చెప్తారు. ఆ లెక్కన కొండ ముక్క కింద హాస్టల్లో ఉంటూ, అసలు కొండను చూడటానికి రెండు వేల కిలోమీటర్లు పోతున్నామన్నమాట. పోవాల్సిందే. నాచుపల్లి హాస్టల్లో నాలుగేళ్లు సాంబారు తిన్నవాళ్లకు ఆ హక్కు ఉంది.

నా పంచాయతీ అంతా ట్రావెల్స్ వాళ్లు పంపే పీడీఎఫ్‌తోనే. ఎవరు పంపినా ఒకటే అచ్చు. ఢిల్లీ, ఆగ్రా, సిమ్లా, కుఫ్రీ, కులు, మణికరణ్, మనాలి, సోలాంగ్, రోహ్‌తాంగ్. రైలు ప్రయాణం తీసేస్తే మిగిలేది ఐదారు రోజులు. అందులో ఇన్ని పేర్లు. ఎన్ని ఎక్కువ పాయింట్లు ఉంటే అంత మంచి ప్యాకేజీ అని మనం అనుకుంటాం, వాళ్లకూ అది తెలుసు. పాయింట్ పెంచడానికి వాళ్లకు పెద్దగా ఖర్చు లేదు. బస్సు ఎట్లాగూ ఆ దారిలోనే పోతుంది, పదిహేను నిమిషాలు ఆపితే అదొక పాయింట్.

ఒకసారి గంటల లెక్క చూద్దాం. ఢిల్లీ నుంచి సిమ్లా దాదాపు 350 కిలోమీటర్లు, కొండ మీద బస్సు కాబట్టి తొమ్మిది గంటలైనా పడుతుంది. సిమ్లా నుంచి మనాలి 250, అది ఇంకో ఎనిమిది తొమ్మిది గంటలు. మనాలి నుంచి తిరిగి ఢిల్లీ 540, పదమూడు పద్నాలుగు గంటలు. మొత్తం ముప్పై గంటల పైనే. మణికరణ్ పోయి రావడం, సోలాంగ్ పోయి రావడం ఇందులో కలపలేదు. ఇంత ఖర్చు పెట్టి పోయి మనం ఎక్కువగా చూసేది ముందు సీటు వెనక భాగం. పైగా ఘాట్ రోడ్డులో సగం మందికి వాంతులు. మిగతా సగం మంది వాళ్లకు నిమ్మకాయలు అందించే పనిలో ఉంటారు.

దీనివల్ల ఏం పోతుందో ఒక్క గుడితో చెప్తాను. మనాలిలో హిడింబ గుడి ఉంది. పీడీఎఫ్‌లో 'హడింబా టెంపుల్, 30 నిమిషాలు' అని ఉంటుంది. మనకు హిడింబి ఎవరో కొత్తగా చెప్పాలా? భీముడి భార్య, ఘటోత్కచుడి తల్లి. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావును చూసిన ప్రతి తెలుగు పిల్లగాడికీ ఆ ఇంటి సంగతులు తెలుసు. అటువంటి హిడింబిని ఆ ఊళ్లో దేవతగా కొలుస్తారు. కులు రాజవంశం వాళ్లు ఆమెను తమ నాయనమ్మగా భావిస్తారు. మన దగ్గర దసరా అయిపోయే రోజున కులులో దసరా మొదలవుతుంది, అదీ ఆమె వచ్చాకే. రాక్షసి అని మనం కథలో చదువుకున్న ఆడమనిషి అక్కడ ఇంటి పెద్ద. ఈ ఒక్క సంగతి మీద మన క్లబ్బులో ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు.

ఆ గుడి 1553లో బహదూర్ సింగ్ అనే రాజు కట్టించింది. దేవదారు అడవి మధ్యలో, చెక్కతో, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే నాలుగు అంతస్తుల కప్పు. లోపల మన గుళ్లలో లాగా పెద్ద విగ్రహం ఉంటుందని చూస్తే, ఉండేది ఒక పెద్ద బండరాయి. గుమ్మం మీద చెక్కిన బొమ్మలు చూస్తూ నిలబడితే అరగంట దానికే సరిపోదు. మేం ఉన్నది ఇరవై నిమిషాలు. అందులో పన్నెండు నిమిషాలు కుందేలును చేతిలో పెట్టి ఫోటో తీసేవాళ్లతో, జడల బర్రె మీద ఎక్కించేవాళ్లతో బేరాలకే పోయాయి. బస్సు దగ్గర్నుంచి విజిల్ వేశారు, అందరూ ఉరికారు.

సివిల్ వాళ్లు కోప్పడకపోతే ఇంకో మాట. పాత మనాలిలో, నగ్గర్‌లో పాత ఇళ్ల గోడలు దగ్గరికి పోయి చూడండి. ఒక వరుస రాయి, ఒక వరుస దేవదారు దూలం, మళ్లీ రాయి, మళ్లీ దూలం. మధ్యలో సిమెంటు లేదు, సున్నం లేదు. కాఠ్‌కుణీ అంటారు. భూమి కదిలినప్పుడు గోడ బిగుసుకుని నిలబడకుండా కొంచెం కదిలి, మళ్లీ సర్దుకుంటుంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపంలో దాదాపు 20 వేల మంది చనిపోయారు. నగ్గర్ కోట ఈ పద్ధతిలో కట్టిందే, ఆ భూకంపాన్ని తట్టుకుని ఇప్పటికీ ఉంది. మనం సెమిస్టర్ పరీక్ష కోసం బట్టీ పట్టే డక్టిలిటీ అక్కడ గోడలో కనబడుతుంది. నగ్గర్ మనాలికి ఇరవై కిలోమీటర్ల దగ్గర్లోనే ఉన్నా చాలా పీడీఎఫ్‌లలో దాని పేరే ఉండదు. ఎందుకంటే అక్కడ మంచు లేదు, రివర్ రాఫ్టింగ్ లేదు. రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1928 నుంచి 1947లో చనిపోయేదాకా అక్కడే ఉండి హిమాలయాలను గీశాడు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన కొడుకును పెళ్లి చేసుకున్న నటి దేవికారాణి పుట్టింది మన వాల్తేరులో. మొట్టమొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆమెదే. అంత దూరం పోయి మన వాల్తేరు అమ్మాయి అత్తగారింటిని చూడకుండా వస్తున్నామంటే ప్లాన్ ఎవరు వేసినట్టు?

రోహ్‌తాంగ్ సంగతి వేరే. అది 3,978 మీటర్ల ఎత్తు. మనాలి 2,050 మీటర్లు. ఒక్క పూటలో రెండు వేల మీటర్లు ఎక్కి, పరుగెత్తి మంచు విసురుకుంటే తల పట్టేస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. మనవాళ్లు అది పొద్దున తిన్న పరోటా వల్ల అనుకుంటారు. ఇంకోటి, అక్కడికి ఏ బండి పడితే అది పోనివ్వరు. జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన పరిమితి ప్రకారం రోజుకు 1,200 టూరిస్టు బండ్లకే పర్మిట్. మంగళవారం రోడ్డు మరమ్మతుల కోసం టూరిస్టు బండ్లకు బంద్. చలికాలంలో దారే మూసేస్తారు. ఇవేమీ చెప్పకుండా పీడీఎఫ్‌లో 'రోహ్‌తాంగ్' అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద చుక్క గుర్తు పెట్టి 'పరిస్థితులను బట్టి' అని చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు. మాకూ ఆ చుక్కే దక్కింది.

దానికి బదులు అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు సిస్సు దాకా పోతే చాలు. రోహ్‌తాంగ్ కనుమ కింది నుంచి 9.02 కిలోమీటర్లు. పని 2010లో మొదలైంది, 2020 అక్టోబర్ 3న ప్రారంభమైంది. మధ్యలో సేరి నాలా అనే వాగు కింద రాయి పగుళ్లుబారిన చోట నీళ్లు ఊరి ఊరి, ఆ కొద్ది వందల మీటర్ల ముక్క దగ్గరే పని ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. రోడ్డు కింద ఇంకో చిన్న సొరంగం ఉంది, ప్రమాదం జరిగితే మనుషులు తప్పించుకోవడానికి. ఇంతకుముందు మంచు పడితే లాహౌల్ జనం నెలల తరబడి బయటి లోకానికి దూరమయ్యేవాళ్లు. రోగం వస్తే హెలికాప్టరే దిక్కు. ఇప్పుడు పది పదిహేను నిమిషాల్లో ఇటు వస్తున్నారు. లోపలికి పోయేటప్పుడు పచ్చని అడవి, బయటికి వచ్చేసరికి గోధుమరంగు కొండలు, చెట్టు కనపడదు. మేఘాలు కొండ ఇవతలే కురిసిపోతాయి కాబట్టి అవతల ఎండు. తొమ్మిదో తరగతి జాగ్రఫీలో చదివిన వర్షచ్ఛాయ పాఠం బస్సు కిటికీలోంచి ఇంత సూటిగా కనబడే చోటు నాకైతే ఇంకోటి తెలియదు.

ఇప్పటిదాకా చెప్పినవి సరదా సంగతులు. పాయింట్లు తగ్గించమని గట్టిగా అడగడానికి కారణం ఇది కాదు.

2014 జూన్ 8న హైదరాబాద్ విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు సిమ్లా నుంచి మనాలి పోతూ సాయంత్రం పూట మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నది ఒడ్డున ఆగారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి. ఫోటోల కోసం రాళ్ల మీదికి దిగారు. పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వారాల తరబడి వెతికారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇమ్మంది. అందులో విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురికీ వాటా వేసింది. అప్పుడు మనం ప్రైమరీ స్కూల్లో ఉన్నాం. ఇప్పుడు వాళ్ల వయసే మనది, వాళ్ల చదువే మనది, రూటు కూడా అదే.

ట్రిపుల్ ఈ వాళ్లకు ఇది తెలిసే ఉండాలి, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. ఇటువంటి జలవిద్యుత్ కేంద్రం దగ్గర పెద్ద రిజర్వాయర్ ఉండదు. మన ఎస్సారెస్పీలాగా నెలల నీళ్లు నిలవబెట్టదు, వచ్చిన నీటిని కొద్దిగా ఆపి సొరంగంలోంచి టర్బైన్లకు పంపిస్తుంది. అందుకే డ్యాం కింద నది రాళ్లు తేలి అమాయకంగా కనబడుతుంది. కరెంటు ఉత్పత్తి తగ్గించమని గ్రిడ్ నుంచి కబురు వస్తే టర్బైన్‌కు పోవాల్సిన నీళ్లు ఎక్కడికి పోతాయి? గేటు ఎత్తి నదిలోకి వదలాలి. వాన లేదు, మబ్బు లేదు, నదికి వరద. ఎండ మామూలుగా ఉన్నా నమ్మడానికి లేదు, పైన పగలంతా కరిగిన మంచు సాయంత్రానికి కిందికి చేరుతుంది. పొద్దున మోకాలి లోతు ఉన్న వాగు సాయంత్రం నడుము దాటుతుంది. మనం గోదావరి చూసి పెరిగినవాళ్లం. ధర్మపురి రేవులో నీళ్లు పెరుగుతుంటే మెట్టు మెట్టుగా తెలుస్తుంది. అక్కడ అట్లా తెలియదు. నీళ్లు మంచులా ఉంటాయి, కాలు పడితే ఒళ్లు కొయ్యబారుతుంది, ఈత వచ్చినా ఆ రాళ్ల మధ్య దండగే. 2023 జులైలో అదే బియాస్ కులు, మనాలి మధ్య రోడ్డు ముక్కలకు ముక్కలే కోసుకుపోయింది.

అలాంటి నది ఒడ్డున సాయంత్రం వేళ బస్సు ఎందుకు ఆగుతుంది? ఎనిమిది గంటలు బస్సులో మగ్గిన యాభై మందికి కాళ్లు చాపుకోవాలని ఉంటుంది. పొద్దంతా చూసిందేమీ లేదు, ఫోటోలు కావాలి. అప్పుడు డ్రైవర్ ఆపకపోతే మనమే అరిచి ఆపిస్తాం. ఆ పరిస్థితిని తయారు చేసేది పాయింట్ల లిస్టు. మా బస్సు కూడా అట్లా రెండు చోట్ల ఆగింది. కిందికి దిగొద్దని ఒక సారు అడ్డం నిలబడితే మనోళ్లు "ఏం కాదు సార్, రెండు నిమిషాలే" అన్నారు. పక్కనే హిందీలో నది దగ్గరికి పోవద్దని బోర్డు ఉంది. బోర్డు ముందు నిలబడి కూడా ఫోటో దిగారు.

రాత్రి బస్సు ఇంకో సంగతి. దీని గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు మన కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, అందరూ చుట్టుపక్కల ఊళ్లోళ్లే. పట్టాల్సిన దానికంటే ఎంతో ఎక్కువమంది ఆ బస్సులో ఉన్నారు. మన క్లాసుల్లో ఆ ఊళ్ల పిల్లలు ఉన్నారు, వాళ్లను ఈ మాట అడగడానికి ఎవరికీ నోరు రాదు. హిమాలయాల ముందు మన గుట్ట ఎంత? అయినా సరిపోయింది.

మెకానికల్ వాళ్ల లెక్క ఒకటి చేసి చూశాను. 12 టన్నుల బస్సు మనాలి నుంచి మైదానానికి దాదాపు 1,700 మీటర్లు దిగాలి. ఎం జీ హెచ్ కడితే 20 కోట్ల జౌల్స్. అదంతా ఇంజన్ లాగుడులోనో బ్రేకుల్లోనో వేడిగా ఖర్చు కావాల్సిందే. డ్రైవర్ చిన్న గేరులో దిగితే ఇంజన్ కొంత మోస్తుంది. టైం లేదని పెద్ద గేరులో వదిలితే మొత్తం బ్రేకుల మీదే. వేడెక్కిన బ్రేకు పట్టదు. ఈ పనిని ప్యాకేజీలన్నీ రాత్రి ఏడు గంటలకు మొదలుపెట్టించి తెల్లారేసరికి ఢిల్లీలో దింపమంటాయి. ఎందుకు? ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, ఒక పగలు ఇంకో పాయింట్‌కు దొరుకుతుంది.

దీనికి నాకు వచ్చే జవాబు తెలుసు. "అన్నా, మళ్లీ మళ్లీ పోతమా, పోయినప్పుడే అన్నీ చూడాలె." ఈ మాటను నేను కొట్టిపారేయను. మా క్లాసులో చాలామంది అమ్మాయిలకు ఇంట్లోంచి పర్మిషన్ దొరికేది కాలేజీ టూర్ అంటేనే. ఒకామె తాజ్‌మహల్ ఇదే మొదలూ చివరా అని ముందే చెప్పింది. ఆమెకు ఆగ్రా వద్దని చెప్పే హక్కు నాకు లేదు. కాబట్టి ఆగ్రా కావాలంటే ఉంచుకోండి, వచ్చేటప్పుడు ఢిల్లీ నుంచి రైల్లో పోయి రావచ్చు, అది మైదానం. నేను తీసేయమనేది సిమ్లా, కుఫ్రీ, మణికరణ్. అవి చెడ్డవని కాదు. సిమ్లాకు సిమ్లా ఇంకో టూర్. రెండు కొండ ఊళ్లను ఒకే వారంలో కుక్కితే రెండూ దక్కవు.

నేనైతే ఇట్లా వేస్తాను. రామగుండంలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ. అక్కడి నుంచి చండీగఢ్ దాకా కూడా రైలే. రాత్రి చండీగఢ్‌లో పడుకుని పొద్దున ఆరింటికి బస్సు ఎక్కితే సాయంత్రం వెలుతురు ఉండగానే మనాలి చేరొచ్చు. దారిలో పండోహ్ డ్యాం కనబడుతుంది. 1977లో కట్టింది. బియాస్ నీళ్లను అక్కడి నుంచి సొరంగాల్లో సట్లెజ్ వైపు మళ్లించి డెహర్ దగ్గర 990 మెగావాట్లు తీస్తారు. నదిని చూడాలని ఉంటే రోడ్డు మీది నుంచే చూడొచ్చు.

మనాలిలో నాలుగు రాత్రులు. మొదటి రోజు బస్సు తాళం తీయొద్దు. నడిచి హిడింబ గుడి, నడిచి పాత మనాలి, మనువు గుడి. ఊరికి ఆ పేరు మనువు నుంచే వచ్చిందంటారు. ఒక రోజు దాకా ఒంటికి ఎత్తు అలవాటు కావాలి, అందుకూ ఇది పనికొస్తుంది. రెండో రోజు నగ్గర్. మూడో రోజు సొరంగం, సిస్సు. మంచు ఆ పక్కనో సోలాంగ్‌లోనో దొరికితే దొరుకుతుంది, లేదంటే లేదు, కాలాన్ని బట్టి. నాలుగో రోజు నది అవతల వశిష్ఠ్ ఊరు. అక్కడ వేడినీటి గుండాలు ఉన్నాయి, ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా. నీళ్లలో దిగాలన్న కోరిక అక్కడ తీర్చుకోవచ్చు, గేటు ఎత్తేవాడు ఉండడు. ఓపిక ఉన్నవాళ్లు అక్కడి నుంచి జోగినీ జలపాతానికి నడవచ్చు. ఓపిక లేనివాళ్లు టీ తాగుతూ కూర్చోవచ్చు. టూర్‌లో ఒక పూట ఏ పనీ లేకుండా కూర్చోవడాన్ని మనోళ్లు పైసలు దండగ అంటారు. నాకు మాత్రం గుర్తున్నది అదొక్కటే, అదీ బస్సు టైరు పంక్చరై రెండు గంటలు ఆగినందువల్ల.

ఖర్చు పెరుగుతుందా? హోటల్ రాత్రులు ఒకటి రెండు పెరుగుతాయి. సిమ్లా హోటల్, కుఫ్రీ గుర్రాలు, మణికరణ్ డీజిల్ తగ్గుతాయి. అద్దె కోట్లూ బూట్లూ ఒక్కరోజుకే తీసుకుంటాం. కూడి తీసి చూస్తే దాదాపు అక్కడికక్కడికే వస్తుంది.

జూనియర్ల టూర్ కమిటీలో ఉన్నవాళ్లకు ఒక మాట. ట్రావెల్స్ అతన్ని బిర్యానీ ఎన్ని పూటలు, డీజే నైట్ ఉందా అని అడగడం ఎట్లాగూ మరిచిపోరు. దాంతోపాటు ఇవి కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి. ఘాట్ రోడ్డు మీద రాత్రి బండి నడుపుతారా? బస్సుకు ఇద్దరు డ్రైవర్లు ఉంటారా, వాళ్లు ఆ కొండల్లో నడిపినవాళ్లేనా, లేక మైదానంలో తిరిగేవాళ్లా? రోహ్‌తాంగ్ పర్మిట్ ఎవరి పేరున, ఏ తారీఖున? నది ఒడ్డున ఎక్కడెక్కడ ఆపుతారు? చివరి ప్రశ్నకు 'ఎక్కడా ఆపం' అన్న జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి. ఇదంతా మన సార్లకు కూడా ముందే చూపించండి, బస్సు ఎక్కినాక కాదు.